ఏమీ లేదని రాసిన మిట్ట

"తాతా, మన మిట్ట మీదుండేవన్నీ ఊరంతా కూడి పుస్తకంలో ఎక్కిచ్చినారంట గదా. ఆ సంగతి చెప్పు. సెల్లు ఆన్ చేసినా."

ఆన్ చేసినావా? దగ్గినా దాంట్లో పడతాదా? పడనీలే. మీ అవ్వకు వినపడకపోతే చాలు. ఆయమ్మకు వినపడితే మాటమాటకూ అడ్డమొస్తాది. నేను అబద్ధాలు చెప్తానని కాదు పాపా, నిజానికి కొంచెం ఎరువు ఎక్కువేస్తానని.

ముందు నా సంగతి చెప్పాల. ఆ పుస్తకం రాసింది ఓబులప్ప అని ఊర్లో పెద్దగా చెప్పుకుంటారు. రాసింది నేనే, కాదనను. అయితే ఈ ఓబులప్ప చదువు ఎంతో తెల్సా? మూడో తరగతి. అదిగూడా రెండుసార్లు. రెండోసారి అయ్యవారే మా నాయన కాడికొచ్చి, "వీన్ని జీవాల ఎంబడి తోలుకో అప్పా, ఆడన్నా పనికొస్తాడు" అన్నాడు. జీవాలంటే గొర్రెలే, మీ హిందూపురంలో ఏమంటారో ఏమో. ఆడగూడా కొన్నాళ్లు పనికి రాలేదనుకో, అది వేరే కథ. నేను అక్షరాలు కూడబలుక్కునింది బస్సు బోర్డులు చూసి. ఆ తర్వాత బోండాలు కట్టిచ్చిన పేపర్లు. వాటిల్లో ఏ వార్తైనా సగమే ఉంటాది, రెండో సగం ఇంకొకని బోండాలతో పోయింటాది. అందుకే నాకు ప్రపంచంలో ఏ సంగతైనా సగమే తెలుసు. మిగతా సగం నేనే పూడ్చుకుంటా.

ఏం చెప్తాంటిని? ఆఁ, మిట్ట. నువ్వు బస్సు దిగి నడిచొచ్చేటప్పుడు ఎడంపక్క అగుపడతాది గదా, బండలు, గడ్డి, బందారు పొదలు, అదే. వానొస్తే నెల దినాలు పచ్చగుంటాది. రాకపోతే ఎర్రగుంటాది. మనకు రాకపోవడమే అలవాటు గదా. ఆ యేండ్లల్లో మరీ మోసం చేసింది వాన. శెనక్కాయ ఇత్తనం ఏసిన చేతులతోనే ఎండిన చెట్టు పీకి ఎద్దులకేసినారు జనం. చేన్లు ఎండినప్పుడు ఊరిని బతికిచ్చింది జీవాలు. జీవాలను బతికిచ్చింది ఆ మిట్ట. అంతే లెక్క, ఇంకేం లేదు.

అట్లాంటి కాలంలో మిట్ట మీద కంకర మిషను పెడతారని తెలిసింది. బండలన్నీ పగలగొట్టి, పిండి చేసి, రోడ్లకు తోలతారంట. దానికి ముందు ఒక ఆఫీసరు వచ్చి చూసి రాయాల. వచ్చినాడు. పేరెందుకులే. మంచి ఎండపొద్దు, పాపం ఆయప్ప జీపు దిగలేదు. కిటికీలోంచే చూసినాడు, రాసినాడు, పోయినాడు. తలారి మారెప్ప, మన ఊరి తలారే, ఆయప్ప ఎంబడి ఫైళ్లు మోసేటోడు, సాయంత్రం వచ్చి చెప్పినాడు, "అన్నా, బండ నేల, చెప్పుకోదగ్గదేమీ లేదు అని రాసినాడన్నా" అని.

ఏమీ లేదంట! మా అరవై ఇండ్ల జీవాలు ఏం తిని బతుకుతాండాయంట మరి, ఆయప్ప జీపు పొగనా?

కోపమైతే వచ్చింది. కోపం వచ్చినాక ఏం చెయ్యాలో తెలీలేదు. కూచొని బీడీలు తాగినాం. మొగోళ్ల కోపం శానావరకు అంతే పాపా, కట్టకు ఇరవై ఐదు.

అప్పుడొచ్చింది సుజాత. అనంతపురం నుంచి ఊర్లు తిరుగుతా, ఊరోళ్ల చేతనే చెట్టూ చేమా పిట్టా పురుగూ రాయిచ్చే అమ్మాయి. ఇప్పటి నీకంటే ఐదారేండ్లు పెద్దదేమో అప్పటికి. "మీ ఊళ్ళో ఏమున్నాయో మీరే రాసి, గ్రామసభలో చదివి, అందరూ సంతకాలు పెడితే అది కూడా కాగితమే పెద్దాయనా. ఆయన కాగితానికి మీ కాగితంతో జవాబు చెప్పండి" అనింది.

ఎవురు రాయాల? అందరూ నా పక్కకు తిరిగినారు. ఊర్లో ఎవురికి జాబొచ్చినా చదివి పెట్టేది నేనే గదా. సగం చదివి సగం చెప్పేవాన్నని వాళ్లకేం తెలుసు? గోరంట్లకు పోయి పన్నెండు రూపాయలు పెట్టి లాంగు నోటుబుక్కు తెచ్చినా. అప్పట్లో పన్నెండు రూపాయలంటే... సరేలే, అవన్నీ ఏంటికిప్పుడు.

మొదటి దఫా మేము మొగోళ్లమే కూచొని రాసినాం. మిట్టకు పోనేలేదు, చింతచెట్టు కింద కూచొని నోటికొచ్చినట్ల చెప్తాంటే నేను రాసినా. గడ్లే నలభై ఐదు తేలినాయి! ఖాజా సాబు పిట్టలు చెప్పినాడు. నీకు తెలుసు గదా ఖాజా తాతను, ఆయప్ప కౌజు పిట్టలకు వల ఏసేదాంట్లో మొనగాడు. వాడు నేనూ కలిసి అనంతపురం జిల్లానే పుస్తకంలో ఎక్కిచ్చినంత గర్వం పడినాం.

బడి వరండాలో సభ. ఆఫీసరు వచ్చినాడు. పుస్తకం తిరగేసి, "ఈ గడ్లు ఒకసారి చూపించండి" అన్నాడు. పెరుక్కొచ్చినాం. ఆయప్ప మూడు పరకలు చేతికి తీసుకొని, వేరు చూసినాడు, ఆకు చూసినాడు, నా మొగం చూసినాడు. "ఏమయ్యా ఓబులప్పా, ఇది మనవడు, ఇది కొడుకు, ఇది తాతనా? మూడూ ఒకటే గడ్డి కదయ్యా!" అన్నాడు.

నిజమే పాపా. ఒకటే గడ్డి. ఏమంటే, మేము గడ్డిని చూసేది మన కంటితో కాదు, జీవం నోటితో. మొలకప్పుడు తింటే జీవం కడుపు జాడిస్తాది, దానికొక పేరు. గింజ పట్టినప్పుడు తింటే కండ పడతాది, అప్పుడింకొక పేరు. ఎండినాక నమల్లేక నమిల్తాది, దానికొక పేరు. మా తాతల కాలం నుంచి మాకవి మూడు గడ్లు. రాసేటప్పుడు అది నా బుర్రకు తట్టలేదు. నలభై ఐదు గడ్లు పదహైదైనాయి. ఖాజా పిట్టలూ అంతే, పుంజుకొక పేరు పెట్టకొక పేరు చెప్పింటే సగానికి సగం పాయె. సభంతా నవ్వింది. నేనూ నవ్వినా, ఏడిస్తే బాగుండదని.

ఆఫీసరు లేచి, "గడ్డి ఎక్కడైనా మొలుస్తుందయ్యా. ఈ మిట్ట లేకపోతే మీ ఊరికి జరగనిది ఏదైనా ఒక్కటి చూపించండి. పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తా. లేదంటే నా రాత నాదే" అని జీపెక్కినాడు.

ఆ పొద్దు నేను ఇంటికి పెరటి దారిన వచ్చినా. అయినా మీ అవ్వ ఆడే నిలబడుకోనుండాది, చేట చేతిలో పట్టుకొని.

"ఏమయ్యో, గొర్రెలు తినేది రాసినారు. మేము తిన్నది ఎవురు రాస్తారు?" అనింది.

"మీరేం తిన్నారే?" అన్నా.

ఆయమ్మ చేట కింద పెట్టి ఏలు మడిచింది. చెంచలాకు. గురుగాకు. దొగ్గలాకు. బలుసు పండ్లు. కలే పండ్లు. "కరువులో నీ అన్నం తట్టలోకి సంగటి పక్కన కూరాకు యాడ నుంచి వచ్చిందనుకున్నావు? నీ బోండాల కాయితం నుంచా?" అనింది. ముప్పై ఏండ్లు తిన్నా పాపా, ఒక్క దినమన్నా ఇదేం ఆకు అని అడిగినోన్ని కాదు. మిట్ట మీద ఏమీ లేదని ఆఫీసరు జీపులో కూచొని రాసినాడు. నేను పీట మీద కూచొని అదే రాసినట్ల లెక్క.

ఆ మర్నాటి నుంచి మళ్ల రాత మొదలైంది. ఈసారి చింతచెట్టు కింద కాదు. ఇంటింటికీ తాళమేసి, సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి మూటకట్టుకొని, చంటిపిల్లోళ్లను చంకనేసుకొని అందరమూ మిట్టకే. ముసలోళ్లు పేరు చెప్పాల, పిల్లోళ్లు పోయి ముట్టి రావాల, కండ్లతో చూసినాకనే నేను రాయాల. అట్లని మీ అవ్వ పెట్టిన చట్టం. నువ్వు గూడా ఉండావు, ఎండాకాలం సెలవులకు వచ్చింటివి, ఐదేండ్ల దానివి. ఉడుమును చూసి లబోదిబోమని ఏడిస్తివి. అదీ రాసినా. 'ఉడుము: ఉండాది, పిల్ల ఏడ్చింది.' సుజాత చూసి, కొట్టేస్తాదేమో అనుకున్నా. "ఇది ఉండనీ పెద్దాయనా, ఇంతకంటే సాక్ష్యం ఏముంది" అనింది.

ఖాజా సాబు కౌజులు గుడ్లు పెట్టే పొదలు చూపించినాడు. చూపించి, "ఈ కాలంలో ఇంక నేను వల ఎయ్యను, అదిగూడా రాయి ఓబులన్నా, రాయకపోతే మళ్ల ఏస్తా" అన్నాడు. రాసినా.

తోడేలు కాడ పెద్ద రగడైంది. దాని గూడు ఉండాది రెండో బండ వెనకాల. మా వోళ్లంతా, "దాన్ని ఏంటికి రాస్తావు, పోయినేడు నీ పొట్టేలునే ఎత్తుకపోయింది గదా, లేదని రాసెయ్" అన్నారు. నిజమే, మంచి పొట్టేలు. ఇప్పటికీ దాని మొగం గుర్తుండాది నాకు. అయినా రాసినా. "ఉండేదాన్ని లేదని రాస్తే ఆ ఆఫీసరుకూ నాకూ తేడా ఏముండాదప్పా?" అన్నా. ఆ ఒక్క మాట మాత్రం నేను ఏ పేపర్లోనూ చూసి చెప్పింది కాదు, నాదే.

అంతా బాగుండాది. ఒకే పేజీ ఖాళీ. పైన సుజాత 'మందు చెట్లు' అని రాసిచ్చింది, కింద తెల్లగుండాది. ఆయమ్మ అడుగుతాది, అందరూ ఆకాశం పక్క చూస్తారు. ఆఫీసరు అడిగినదానికి జవాబు ఆ పేజీలోనే ఉండాదని అందరికీ తెలుసు. నోరు మాత్రం తెరవరు.

ఎందుకంటే కట్టడి. మందాకు పేరు పైకి పలికితే దాని బలం గాలికి పోతాదని. నాయన చచ్చేముందు ఒక్క కొడుకు చెవిలో చెప్పాల. పొద్దు పుట్టకముందు చెప్పుల్లేకుండా పోయి, ఎవురితోనూ మాట్లాడకుండా తెంపుకొని రావాల. మా నాయన నాకట్లనే చెప్పినాడు. జీవాలకు కడుపులో పురుగులు పడితే ఆ ఆకు నూరి, మజ్జిగలో కలిపి, వెదురుగొట్టంతో గొంతులో పోస్తే మూడోనాటికి లేస్తాది. మిట్ట నెత్తిన రెండు బండల నడుమ నల్లమన్ను పలక ఒకటుండాది, ఆడ తప్ప మన పొలాల్లో యాడా మొలవదు. అది తెలిసినోన్ని ఊర్లో నేనొక్కన్నే అని నాకు బో ఎచ్చులు. ఎవురన్నా చూస్తారేమో అని చేతిలో చెంబు పట్టుకొని పోయేటోన్ని, చెంబుకు పోతాండాడులే అనుకుంటారని. దావలో ఒక్కో దినం ఖాజా ఎదురయ్యేటోడు, ఇంకెవురో ఎదురయ్యేటోళ్లు, అందరి చేతిలో చెంబే. ఒకరినొకరు చూసి తల ఊపి పోయేటోళ్లం, నోట మాట లేదు. మా ఊరోళ్లు పొద్దున పూట ఎంత మర్యాదగా ఉంటారో అనుకునేవాన్ని.

సభకు ముందుదినం మా నాయన సమాధి కాడికి పోయినా. మట్టమధ్యాన్నం, మంచి ఎండలో. గట్టిగానే అడిగినా. "నాయనా, పేరు చెప్తే ఆకు బలం పోతాదంటివి. మిట్టే పోతే ఆకు యాడ మొలవాల, నీ నెత్తినా?" అన్నా. బతికుంటే చెంప పగలగొట్టేటోడు. ఏమీ పలకలేదు. పలకలేదు గదా, సరేనన్నట్లే అని నేనే పూడ్చుకున్నా మిగతా సగం.

సభ జరిగింది. ఈసారి జనం వరండా పట్టలేదు. బయట కుర్చీలో కూచున్న ఆఫీసరుకు ఎండ తగలకుండా తలారి మారెప్ప గొడుగు పట్టుకొని వెనకాల నిలబడినాడు. "ఏమయ్యా ఓబులప్పా, ఈసారి గడ్డికి ముత్తాతను కూడా పట్టుకొచ్చినావా?" అన్నాడు ఆయప్ప.

లేచినా. తలగుడ్డలోంచి ఆకు తీసి బల్ల మీద పెట్టినా. "సార్, దీని పేరు గాడిద గడపాకు. ఇది లేకపోతే మా జీవాలు లేవు. ఇది ఆ మిట్ట మీద తప్ప లేదు" అన్నా. అని కండ్లు మూసుకున్నా. మా నాయన దెబ్బ పడతాదని.

పడింది. ఈపు మీద. ఖాజా!

"ఓబులన్నా! అది మా నాయన నా చెవిలో చెప్పిన ఆకు గదప్పా! నీకెవురు చెప్పినారు?"

"మా నాయన."

"మీ నాయనకు యాడిది? మా నాయన కాడ కొట్టేసినాడా?"

"నోరు బాగుండనీ ఖాజా! మీ నాయనే మా నాయన చెంబు ఎంబడి వచ్చింటాడు!"

మేమిద్దరం ఆడ కలబడతాంటే వెనకాల నుంచి ఒకడు, "మాదీ అదే" అన్నాడు. ఇంకొకడు లేచినాడు. ఇంకొకడు. వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా లేస్తానే ఉండారు. ఆఖరికి మారెప్ప, "సార్, మా ఇంట్లోగూడా అదే సార్" అని చెయ్యెత్తినాడు. ఎత్తింది గొడుగు పట్టుకున్న చెయ్యి, ఎండంతా పోయి ఆఫీసరు బట్టతల మీద పడింది.

అప్పుడర్థమైంది మాకు ఆ చెంబుల సంగతి. ఊరు ఊరంతా ఒకే ఆకును ఒకరికి తెలీకుండా ఒకరు దాచుకున్నాం పాపా! మీ అవ్వ ఆడోళ్లలోంచి లేచి అందరి ముందర అరిచింది, "ఓరి నీ! నీకు కడుపు బాగలేదనుకొని ఇన్నేండ్లు జీలకర్ర నీళ్లు తాగిచ్చినా గదయ్యా!" అని.

నవ్వినారు చూడు. నవ్వినాక ఇంక ఎవురూ ఆగలేదు. తేలు కుడితే ఏసేది, కాలిరిగితే కట్టేది, బాలింతరాలికి పెట్టేది, అన్నీ బయటపడినాయి. నా పెన్ను అయిపోతే సుజాత రాసింది, ఆయమ్మ పెన్నూ అయిపోతే ఆఫీసరు పెన్నే అడిగి తీసుకున్నాం. ఆరు పేజీలు. అందరూ సంతకాలు, ఏలిముద్రలు. ఆయప్ప పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "మా ఊళ్ళో దూడ ఒకటుంది, ఆకు ఎంత వెయ్యాలి?" అని మెల్లగా అడిగినాడు. పిడికెడు అని చెప్పి, "ఎవురికీ చెప్పొద్దు సార్" అన్నా.

బలమా? పోలేదు. ఆ వారమే ఒక గొర్రెపిల్లకు పురుగులు పడితే పోసినా, మూడోనాటికి గంతులేసింది. అట్లని మా నాయన చెప్పింది వట్టిదని అనను నేను. దాచుకోమని చెప్పింటేనే గదా ఎవురికి కావాల్సింది వాళ్లు నాలుగాకులు తెంపుకొని, చెట్టును వేరుతో పీకకుండా వచ్చినారు.

అట్లని గెలిచేసినామని అనుకోవద్దు. పైనుంచి జవాబు రాకముందే ఒక దినం మిషను వచ్చేసింది, పెద్దది, పసుపు రంగుది, బండలు తవ్వేదానికి. మేము రాళ్లేం ఎత్తలేదు. మీ అవ్వ పోయి దాని ముందర చాప పరిచింది. ఆడోళ్లంతా కూచున్నారు. నేను నిలబడి పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చదివినా. "ఇది ఈడుండాది డ్రైవరన్నా, ఇది ఈడుండాది" అని ఒక్కోటీ. నా చదువు సంగతి చెప్పినా గదా, ఒక్కో పేరుకు ఎంత సేపు పడతాదో చూసుకో. మూడో పేజీ కాడ ఆయప్ప బీడీ ముట్టించినాడు. ఏడో పేజీ కాడ నీళ్లడిగినాడు, ఇచ్చినాం. తోడేలు కాడికి వచ్చేతలికి, "ఇంకా ఎన్నున్నాయి పెద్దాయనా?" అన్నాడు. "ఇప్పుడే గదప్పా మొదలుపెట్టింది" అన్నా. బండి తిప్పుకొని పోయినాడు. భయపడి కాదులే, విసుగుపుట్టి. ఎట్ల పోతేనేం, పోయినాడు.

("ఏం విసుగు? పన్నెండు మంది ఆడోళ్లు కూచోనుంటే ఎట్ల తోలతాడు బండి! సరిగ్గా చెప్పు పిల్లకు!")

వినపడనే వినపడింది చూడు ఆయమ్మకు. సరే, పన్నెండు మంది ఆడోళ్లు. రాసుకో.

ఆ తర్వాత కాయితం వచ్చింది, 'ప్రస్తుతానికి నిలిపివేయడమైనది' అని. ఊరంతా పాయసం చేసుకున్నారు. నేను మాత్రం ఆ 'ప్రస్తుతానికి' కాడనే ఆగిపోయినా. మందలో దూరకుండా ఎనక్కు పోయిన తోడేలు మాదిరి మాట అది. ఆ పొద్దుకు పోయింది, అంతే.

పోయిన నెలలో మళ్ల ఇద్దరొచ్చినారు, మూడుకాళ్ల దుర్భిణి, ఎర్ర జెండాలు పట్టుకొని. ఈసారి ఏం పెడతారో చెప్పలేదు. "ఇక్కడేమైనా ఉందా తాతా?" అని అడిగినారు. "మూడు దినాలు సెలవు పెట్టుకొని రాండప్పా, చూపిస్తా" అన్నా. వచ్చినా రాకపోయినా, రాత మాత్రం ఆగకూడదు. పోయినేటి వానకు కొత్తగా రెండు పిట్టలొచ్చినాయి మిట్ట మీదికి, ఇంకా ఎక్కియ్యలేదు. నాకు కండ్లు ఆనవు. ఇంక నువ్వే.

ఇట్ల రా, తల ఇట్లపెట్టు. సల్లగుండు తల్లీ. పెద్ద చదువులు చదువు, పెద్ద ఉద్యోగం చెయ్యి, జీపు ఇస్తే ఎక్కు, దిగాల్సిన చోట దిగు. రేపు నీకు బిడ్డ పుడితే దాన్ని తెచ్చి ఆ మిట్ట మీద వట్టికాళ్లతో వదలాల. దాని కాలిలో ముల్లు గుచ్చుకోవాల. పెద్దది వద్దులే, చిన్నదే. గుచ్చుకుంటే ఏడ్చి అడుగుతాది, ఇదేం ముల్లమ్మా అని. నువ్వు పేరు చెప్పాల. ఏదో ముల్లులే అన్నావనుకో, ఆ పొద్దే వాళ్లు వచ్చి మిట్ట ఎత్తుకపోతారు.